తెర వెనక ఎన్ని చేతులో!

పెళ్ళిలో అందరి కళ్ళూ పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల మీదే. తెల్లారుజామున లేచి గాడిపొయ్యి వెలిగించినవాళ్ళని ఎవరు చూస్తారు చెప్పండి! మా భద్రాచలంలో ఏటా శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. ఆ రెండు గంటలూ కళ్ళారా చూసి, తలంబ్రాలు కొంగున కట్టుకుని వెళ్ళిపోతాం. ఆ తలంబ్రాల కోసం ఎక్కడో ఏ ఊళ్ళోనో కూర్చుని, వడ్లని ఒక్కో గింజా గోటితో ఒలిచి పంపే భక్తులు ఉన్నారన్న సంగతి ఎంతమందికి గుర్తొస్తుంది?

ఇదంతా తెలిసినదాన్నే. అయినా మా పెద్దమ్మాయి "డిగ్రీ అయిపోగానే థియేటర్ చదువుతానమ్మా" అన్నప్పుడు మాత్రం నా కళ్ళముందు మెదిలింది రంగులు పూసుకున్న మొహాలే.

"వేషాలేస్తావా?" అన్నాను, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"కాదమ్మా, లైటింగ్. నాటకాలకి లైట్లు వేసే పని."

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "లైట్లు వేయడానికి చదువెందుకే? మన వీధిలో సౌండ్ సిస్టం కుర్రాణ్ణి అడిగితే వారంలో నేర్పుతాడు. హాయిగా బి.ఎడ్. రాయి" అన్నారు. మా అత్తగారైతే రెండ్రోజులు మనవరాలితో మాట్లాడలేదు.

అమ్మాయి తన పట్టు వదల్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉందని, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959 నుంచీ ఉందని, అక్కడ నటనే కాదు, రంగాలంకరణ, లైటింగ్ కూడా నేర్పుతారని కాగితాలు తెచ్చి చూపించింది. నాకు పద్దెనిమిదేళ్ళకే పెళ్ళయింది. పిల్లలు పుట్టాక, వాళ్ళు నిద్రపోయాక చదువుకుని ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. చదువుతానన్న ఆడపిల్లని కాదనడానికి నాకు నోరు రాలేదు. అలాగని సరే అనడానికి ధైర్యమూ చాలలేదు.

సరిగ్గా అప్పుడే ఖమ్మంలో ఒక సురభి కంపెనీ "మాయాబజార్" ఆడుతోందని తెలిసింది. కథల సభల్లో పరిచయమైన ఒక మాస్టారికి ఫోన్ చేసి, నాటకం రోజు మధ్యాహ్నం నుంచే తెర వెనక ఉండి చూసే ఏర్పాటు చేయించుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ దుమ్మూ, ఆ మోతా, ఆ చాకిరీ చూస్తే పిల్ల మనసు మారుతుందనే నా ఆశ! ఆ మాట మాత్రం దానికి చెప్పలేదు.

పెట్టెలు చెప్పిన కథ

పాల్వంచ, కొత్తగూడెం, జూలూరుపాడు మీదుగా మేం ఖమ్మం చేరేసరికి పదకొండయింది. పన్నెండింటికి వేదిక వెనక్కి వెళ్ళాం. అప్పటికే లారీ వచ్చి ఉంది. ట్రంకుపెట్టెలు, వెదురుబొంగులకి చుట్టిన తెరలు, తాళ్ళ చుట్టలు, గదలు, కిరీటాలు, ఒక హార్మోనియం, దాని పక్కనే రెండు గ్యాసు సిలిండర్లు, బియ్యం బస్తా. ఇల్లు ఖాళీ చేసి వచ్చినట్టుంది.

సురభి వాళ్ళ గురించి మన పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక కుటుంబం అది. అంతకుముందు వాళ్ళ పూర్వీకులు తోలుబొమ్మలాట ఆడేవారు. ఊళ్ళో ఒక పెళ్ళి సందర్భంగా "కీచకవధ" ఆడారట. అలా మొదలైన ఆ ఒక్క కంపెనీ పిల్లలు, మనవలతో పెరిగి పదుల కంపెనీలైంది. ఇప్పుడు మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో ఈ కుటుంబాల్లోని ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి వాళ్ళ ఆడపడుచే. ఈ సంప్రదాయాన్ని చివరిదాకా నిలబెట్టిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనేవారే ఆయనకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

పెట్టెల దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ ఏది ముందు దించాలో, ఏది ఎటు పెట్టాలో చెబుతోంది. అరవై దాటి ఉంటాయి. అందరూ "పెద్దమ్మా" అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

"చివర్న వాడే తెర ముందు ఎక్కించాలమ్మా. ముందు వాడేది ఆఖర్న. అటూ ఇటూ అయిందంటే ద్వారకలో ఉండాల్సిన కృష్ణుడు అడవిలో తేల్తాడు" అంది నవ్వుతూ.

తెరల లెక్క

మనం హాల్లో కూర్చుని చూసేది ఒక్క తెర. దాని వెనక ఒకదాని వెనక ఒకటిగా వరసలు కట్టి ఉంటాయి. ద్వారక కొలువు, అంతఃపురం, అడవి, మాయా విడిది, పెళ్ళిపందిరి. అన్నీ చేత్తో రంగులేసినవే. ప్రతి తెరకీ అడుగున ఒక బొంగు. తాడు లాగితే చాపలా చుట్టుకుంటూ పైకి పోతుంది, వదిలితే విప్పుకుంటూ దిగుతుంది. ఏ తాడు ఏ తెరదో గుర్తుండాలని ఒకదానికి ఎర్రగుడ్డ, ఒకదానికి రెండు ముళ్ళు. రేపు చీకట్లో చేతికి తగిలితే చాలు తెలిసిపోవాలి కదా!

ఇక్కడో తెలివైన పద్ధతి ఉంది. పెద్ద సెట్టు మార్చాలంటే నాలుగైదు నిమిషాలు పడుతుంది. అంతసేపు జనాన్ని ఖాళీగా కూర్చోబెట్టలేరు. అందుకని వేదిక ముందుభాగంలో ఒక వీధి తెర దించి, దానిముందు ఇద్దరు ముగ్గురు పాత్రధారులతో ఒక చిన్న రంగం నడిపిస్తారు. మనం ఆ హాస్యానికి నవ్వుతుంటాం. ఆ గుడ్డ వెనకే నలుగురు మనుషులు చప్పుడు కాకుండా కొలువుకూటం ఎత్తేసి పెళ్ళిపందిరి నిలబెడుతుంటారు.

ఇదే చిక్కుని జపాన్ వాళ్ళు ఇంకోలా విప్పుకున్నారు. కబుకీ నాటకాల కోసం 1758లో ఒసాకాలో నమికి షోజో అనే నాటక రచయిత తిరిగే వేదిక తయారుచేయించాడు. ఒక సగం మీద నాటకం జరుగుతుంటే రెండో సగం మీద వచ్చే రంగం సిద్ధం చేసుకోవచ్చు. కొత్త పెద్ద థియేటర్లలో మోటార్లు, పైనుంచి దిగే ఇనపబద్దీలు ఉంటాయి. సాధనాలు వేరైనా, చూసేవాళ్ళకి తెలియకుండా మార్చడమే ఎక్కడైనా అసలు పని.

తీగ మీద ప్రాణం

నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని నోరు తెరుచుకుని చూసింది ఇదే. వెనకనుంచి చూస్తే అది కప్పీలూ, తాళ్ళూ, బరువులూ, సన్నటి తీగలూ! నల్లటి తెర ముందు నల్ల తీగ కనపడదు. ఎదురుగా లైటు కొడితే మాత్రం మెరిసి గుట్టు రట్టవుతుంది. అందుకే మనిషి మీద వెలుగు పక్కనుంచి వేస్తారు, వెనక తెర మీద పడకుండా.

ఆ తీగల పని చూసేది ఒక తండ్రీ కొడుకులు. కొడుకు ముడి వేశాడు. తండ్రి దాన్ని విప్పకుండా లాగి, ఊగి, పూర్తి బరువుతో వేలాడి చూశాడు. తర్వాత కొడుకూ అంతే. "ముడి వేసినవాడే సరిచూసుకోకూడదమ్మా. వేసినవాడి కంటికి అది బాగానే కనపడుద్ది" అన్నాడాయన. నేను రాసిన కథలో తప్పులు నాకెందుకు దొరకవో నాకప్పుడు అర్థమైంది.

ఎర్రచీర నల్లగా మారితే

మా అమ్మాయి అప్పటికే లైట్ల దగ్గర చేరిపోయింది. లైట్లు చూసే అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. ఒక చేత్తో డిమ్మర్ మీట, ఇంకో చేత్తో టీ గ్లాసు.

"ఆ అడవి రంగంలో ఆకుపచ్చ లైటు వేస్తున్నారు కదా అన్నా, ఎర్ర బట్టలు వేసుకున్నవాళ్ళు అందులోకి వస్తే ఏమవుద్ది?" అని అడిగింది మా పిల్ల.

అతను గ్లాసు కింద పెట్టి దానివైపు చూశాడు. "నల్లగా అయిపోద్ది. అందుకే పెద్దమ్మని అడిగి హిడింబకి ఎరుపు మాన్పించాం" అన్నాడు.

సంగతేమిటంటే, ఎర్రబట్ట ఎర్రటి వెలుగునే తిప్పి పంపుతుంది. అచ్చమైన ఆకుపచ్చ వెలుగులో ఎరుపు లేదు కాబట్టి పంపడానికేమీ ఉండదు. నల్లగా కనిపిస్తుంది. కొట్లో ట్యూబులైటు కింద కొన్న చీర బయటికొచ్చి చూస్తే వేరే రంగులో ఉందని మనమంతా తిట్టుకున్నవాళ్ళమే! లైట్ల వాళ్ళు, బట్టల వాళ్ళు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. మేకప్ కూడా అంతే. గట్టి వెలుతురులో మొహం రొట్టెలా చదునుగా కనపడుతుంది. అందుకే ముక్కు పక్కన, బుగ్గల కింద ముదురు రంగుతో నీడలు దిద్దుతారు. దగ్గర్నించి చూస్తే దడుచుకుంటాం, ఇరవయ్యో వరస నుంచి చూస్తే చక్కగా ఉంటుంది. ఒకప్పుడు అర్దళం, సఫేదా, ఇంగిలీకం నూరి పూసుకునేవారట. ఇప్పుడు డబ్బాల్లో దొరికే రంగులు వచ్చాయి.

వెలుగు చరిత్ర కూడా చిన్నదేం కాదు. ప్రపంచంలో మొదటిసారి పూర్తిగా కరెంటు దీపాలతో నడిచిన నాటకశాల లండన్‌లోని సవాయ్ థియేటర్. అది 1881లో. మన సురభి పుట్టడానికి నాలుగేళ్ళ ముందన్నమాట! ఇక్కడ మాత్రం చాలాకాలం పెట్రోమాక్స్ దీపాలే దిక్కు.

విప్పే వరసలో మడతలు

పెద్దమ్మ చిన్నప్పుడు బాలకృష్ణుడు. తర్వాత శశిరేఖ. పిల్లలు పుట్టాక సుభద్ర, ఆ తర్వాత హిడింబ. ఇప్పుడు దుస్తుల పెట్టెలన్నీ ఆవిడవే.

ఆవిడ బట్టలు సర్దే తీరు చూసి నేను అబ్బురపడ్డాను. ఒక్కో పాత్రకీ ఒక్కో తాడు కట్టి, వేసుకునే వరసలో తగిలించింది. మొదటి రంగానిది ముందు, చివరిది గోడవైపు. ఒక అమ్మాయి రెండు నిమిషాల్లో చెలికత్తె వేషం విప్పి ఇంకో వేషం కట్టుకోవాలి. అంత టైములో చీర కుచ్చిళ్ళు ఎవరు పెడతారు? అందుకని కుచ్చిళ్ళతో సహా ముందే కుట్టేసిన చీర. బొత్తాలు ఉండాల్సినచోట చటుక్కున అంటుకునే పట్టీలు. నగలన్నీ ఒకే గుడ్డకి కుట్టేసి మెళ్ళో వేసేయడమే. సూదీ దారం, పిన్నీసులు ఆవిడ జాకెట్‌కే గుచ్చి ఉన్నాయి.

"చెమటకి ఉతక్కపోతే జరీ చచ్చిపోద్ది, ఉతికితే రంగు పోద్ది. అందుకని లోపల ఒక నూలు చొక్కా తొడుగుతాం. దాన్ని ఉతికితే చాలు" అని చెప్పింది. ఈ చిట్కా నా పట్టు జాకెట్లకీ పనికొస్తుందని మనసులో రాసిపెట్టుకున్నాను.

ఇంకోవైపు సామాన్ల బల్ల. శంఖం, గద, తాంబూలపు పళ్ళెం, లేఖ... ఒక్కోదాని కింద సుద్దముక్కతో గీసిన గడి. వాడిన వస్తువు తిరిగి అదే గడిలో పెట్టాలి. ఒక గడి ఖాళీగా ఉందంటే, ఏ వస్తువు ఎవరి దగ్గర ఉండిపోయిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఉరుముల కోసం ఒక పల్చటి రేకు వేలాడదీశారు. అంచు పట్టుకుని ఊపితే ఆషాఢమాసమే!

"మీరు కనపడుతున్నారు!"

మొదటి గంట, రెండో గంట కొట్టారు. మూడో గంటకి అంతసేపూ అరుచుకుంటూ తిరిగిన మనుషులంతా ఒక్కసారిగా మూగవాళ్ళైపోయారు. పెద్ద థియేటర్లలో అయితే స్టేజి మేనేజరు అని ఒకరుంటారు. చేతిలో నాటకం ప్రతి, చెవికి మైకు. ఏ మాట దగ్గర ఏ లైటు వెలగాలో, ఏ తెర కదలాలో ఆ ఒక్కరే చెప్పాలి. వాళ్ళు చెప్పేదాకా మీట మీద చెయ్యి ఉంటుంది కానీ కదలదు. ఇక్కడ ఆ పని సగం హార్మోనియం వాయించే పెద్దాయనది. ఆయన శ్రుతి మార్చితే పైన తాడు పట్టుకున్నవాడికి అర్థం. రాగం సాగదీస్తే, "లోపల ఇంకా సిద్ధం కాలేదు, నువ్వు ఇంకో పద్యం అందుకో" అని వేదిక మీద ఉన్నవాడికి కబురు.

నేను ఇంకొంచెం బాగా చూద్దామని పక్క తెర అంచుదాకా జరిగాను. పసుపుపచ్చ చీర కట్టుకుని వెళ్ళానేమో, అటునుంచి వెలుగు నా మీద పడుతోందని గమనించుకోలేదు. పదేళ్ళ పిల్ల ఒకతి, చెలికత్తె వేషంలో ఉంది, నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"అత్తయ్యా, మీరు కనపడుతున్నారు! జనం మీకు కనపడితే మీరూ జనానికి కనపడతారు" అని గుసగుసగా చెప్పి, మరుక్షణం నవ్వుమొహం పెట్టుకుని వేదిక మీదికి వెళ్ళిపోయింది.

సిగ్గేసింది. మూడో వరసలో ఎవరో ఒకరు ద్వారకలో పసుపుచీర ఆవిడెవరా అనుకునే ఉంటారు! అప్పుడు చుట్టూ చూస్తే తెలిసింది, తాళ్ళ దగ్గర ఉన్నవాళ్ళంతా ముదురురంగు బట్టల్లోనే ఉన్నారు. వాళ్ళందరూ నా అంత దగ్గర్లోనే ఉన్నా ఒక్కరూ జనానికి కనపడటంలేదు. కనపడకుండా ఉండటం కూడా నేర్చుకోవాల్సిన పనే అని నేననుకోలేదు ఎప్పుడూ.

అడిగిన ప్రశ్న

విశ్రాంతిలో పెద్దమ్మ నాకు స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. అప్పటిదాకా కడుపులో దాచుకున్నది అడిగేశాను.

"మా పిల్ల ఈ పని చదువుకుంటానంటోంది పెద్దమ్మా. పంపమంటారా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. చిరిగిన ఒక ఉత్తరీయం అంచు కుట్టుకుంటూ కూర్చుంది. "నేనైతే మా అమ్మాయిని వద్దన్నాను" అంది చివరికి. "డేరా వేసుకుని ఊరూరూ తిరిగాం. నెలకో ఊరు, నెలకో బడి. పిల్లల చదువులు చెట్టెక్కాయి. వానొస్తే ఆట లేదు, ఆట లేకపోతే పొయ్యి లేదు. టీవీలొచ్చాక జనం తగ్గారు. అందుకని దాన్ని చదివించాం, ఉద్యోగం చేస్తోంది. శెలవ రోజు ఆట ఉంటే మాత్రం వచ్చి సుభద్ర కడుతుంది. వద్దన్నా ఊరుకోదు."

నా మనసులో మాటే ఆవిడ నోటివెంట వచ్చిందనుకున్నాను. ఊరట కలగాలి కదా? కలగలేదు.

ఆవిడ దారం కొరికి, తలెత్తింది. "మాకిది ఒళ్ళో పడ్డ పనమ్మా, ఎంచుకున్నది కాదు. మీ పిల్ల ఎంచుకుంటోంది. అది వేరు. మధ్యాహ్నం నుంచి చూస్తన్నా, ఆ లైట్ల పెట్టె దగ్గర్నించి లేవలా. మీరు తిన్నారు, నేను తిన్నా, అది తిన్లా. ఆ సంగతి మీరు గమనించారో లేదో?"

గమనించలేదు. మాస్టారు తెప్పించిన పొట్లం నేను తిన్నాను, పిల్ల తన స్నేహితులతో తినేసి ఉంటుందిలే అనుకున్నాను. రోజూ పళ్ళెంలో కూర ఎంత మిగిల్చిందో చూసే నేనేనా అనిపించింది.

రెండో సగం నేను వేదిక వైపు చూడలేదు. తెర పక్కన, ఈసారి చీకట్లో నిలబడి, మా అమ్మాయినే చూశాను. పెళ్ళిపందిరి రంగంలో వెలుగు నెమ్మదిగా పెరగాలి. ఆ అబ్బాయి మీట మీద చెయ్యి వేసి, పెదాలతో అంకెలు లెక్కపెడుతున్నాడు. ఇదీ లెక్కపెడుతోంది. జనం చప్పట్లు కొట్టారు, మాయాశశిరేఖ కోసం. వీళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

ఇంటికొచ్చాక

ఆ రాత్రి ఖమ్మంలో మా పిన్ని ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే బస్సులో, కిన్నెరసాని అడవి మొదలయ్యేసరికి అడిగాను, "అంతసేపు ఏం చూశావే?" అని.

"వాళ్ళకి లైట్లు తక్కువున్నాయమ్మా. రెండు లైట్ల స్థానం మార్చితే తీగ ఇంకా కనపడదు. అన్నకి చెప్పా. రేపటి ఆటలో చూస్తానన్నాడు" అంది. వేషాల ఊసు, జనం చప్పట్ల ఊసు ఒక్కటీ లేదు.

ఇంట్లో మా ఆయనతో నాలుగురోజులు మాటలు నడిచాయి. కష్టాలేవీ దాచలేదు. పెద్దమ్మ వాళ్ళమ్మాయిని వద్దన్న సంగతి కూడా చెప్పాను. నాటకాలే కాక, సభలకీ, మ్యూజియంలకీ, సినిమాలకీ ఈ చదువు పనికొస్తుందని అమ్మాయి చెప్పింది. చివరికి ఆయన, "రెండూ రాయనీ. బి.ఎడ్. కూడా" అన్నారు. పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. మా అత్తగారు మాత్రం "ఆ నారదుడు నిజంగానే తాడు మీద దిగుతాడా?" అని అడిగి, చెప్పించుకుని మరీ విన్నారు.

థియేటర్ ఆర్ట్స్ దరఖాస్తు రుసుం నా కథకి వచ్చిన పారితోషికంలోంచి కడతానన్నాను. పెద్ద మొత్తమేం కాదు. కానీ అది నా డబ్బే కావాలనిపించింది.

మీలో చాలామంది పిల్లల స్కూళ్ళలో వార్షికోత్సవాలు జరుగుతుంటాయి. ఈసారి మీ అమ్మాయికి వేషం రాలేదని టీచరుతో పోట్లాడే ముందు, తెర లాగే పనో, సామాన్ల బల్ల చూసే పనో, లైట్లు లెక్కపెట్టే పనో ఇవ్వమని అడిగి చూడండి. సుద్దముక్కతో గడులు గీయడం నేర్పండి. ముడి వేసిన పిల్ల కాక ఇంకో పిల్ల దాన్ని సరిచూడాలని చెప్పండి. నాటకమయ్యాక అందరినీ, తాళ్ళు పట్టినవాళ్ళతో సహా, ఒకసారి వెలుగులోకి పిలిచి నిలబెట్టండి.

ఆ రోజు ఖమ్మంలో ఆట అయ్యాక జనం లేచిపోతుంటే, పెద్దమ్మ అప్పుడే చివరి పెట్టె ముందు కూర్చుని, రేపు వేసుకునే వరసలో బట్టలు మడతపెడుతోంది. మా అమ్మాయి పక్కన కూర్చుని, ఆవిడ అడిగినవి ఒక్కోటీ అందిస్తోంది. నేను బయట రిక్షా మాట్లాడి పదినిమిషాలు నిలబడ్డాను. తొందరపెట్టలేదు.